అల్లుడిగారి డ్రైవు

విదేశంలో, హారో ఊళ్లోని మా ఇంట్లో మొదటి కంచం ఎప్పుడూ అల్లుడు బాలాజీదే. ఆ పొగరుతోనే, నా మనవరాలు రిషిత కంప్యూటర్ విప్పి, తన పాత క్రికెట్ వీడియోలు దాచుకున్న డ్రైవును, తెరమీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు పక్క స్లాట్‌లో దూర్చాడు. సాయంత్రానికల్లా పిల్ల తన కాలేజీకి పంపాల్సిన బొమ్మల సినిమా తయారీ నత్తనడక పట్టింది.

"అమ్మమ్మా, ఆ స్లాటూ కార్డూ ఒకే లేన్లు, అంటే డేటా నడిచే దారులు, షేర్ చేసుకుంటాయి. డాడ్ వల్ల కార్డ్‌కి సగమే మిగిలాయి," అని రిషిత ఏడ్చింది. "కింది స్లాట్‌కి వేరే లేన్లున్నాయి."

"టాప్ స్లాటే ఫాస్టండీ, అత్తయ్యగారూ!" అన్నాడు అల్లుడు.

"అయిపోయిన మ్యాచ్‌కి అంత తొందరేమిటి బాబూ? పిల్ల నోటిముందు ముద్ద లాక్కోవడానికా మీ ఇంజనీరింగు? తీసి కింద పెట్టండి."

గొణుగుతూ మార్చాడు. పిల్ల సినిమా వేళకే కాలేజీకి చేరింది.

భోజనాల దగ్గర మొదటి కంచం రిషితకు పెట్టాను. అల్లుడు గుడ్లప్పగించి చూశాడు.

"చివర కూర్చున్నా అన్నం అరుగుతుంది బాబూ," అన్నాను.