తొడ ఎముక అడ్డు తీసిన గురువారం

మా మీటింగ్ గదికి తలుపు ఉంది, తాళం ఉంది, లోపలివైపు పిడి మాత్రం లేదు. రెండేళ్ల క్రితం అది ఊడి సర్జన్ గారి చేతికొచ్చింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, "ఎవరికైనా చెప్పండి" అన్నారు. ఎవరికైనా అంటే నాకే. నేను మరమ్మతుల విభాగానికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. అప్పటినుంచి తలుపు మూసుకుపోకుండా ఒక ప్లాస్టిక్ తొడ ఎముకను అడ్డం పెడుతున్నాం. కృత్రిమ కీళ్ల కంపెనీవాళ్లు నమూనాకని ఇచ్చిపోయిన ఎముక అది. దానివల్ల ఏ రోగికీ ఏమీ ఒరగలేదు గానీ తలుపుకు మాత్రం బాగా పనికొచ్చింది.

మేం చూసేది ఒక్క జబ్బే. కండలోనో, కొవ్వులోనో, నరం పక్కనో పుట్టే అరుదైన క్యాన్సర్. వంద క్యాన్సర్లలో ఒకటి ఉంటుందో లేదో. అందుకే బయట చాలామంది దీన్ని మామూలు గడ్డ అనుకుని నెలల తరబడి మందు పూయిస్తారు. మా దగ్గరికి వచ్చేసరికి రోగి చేతిలో లావుపాటి ఫైలు, ముఖంలో "మీరు కూడా పంపించేస్తారా" అన్న ప్రశ్న ఉంటాయి. మా పద్ధతి ఒకటుంది. ఎవరి సంగతైనా గురువారం మధ్యాహ్నం ఒక గదిలో కూర్చుని తేల్చాలి. కోసే డాక్టరు, స్కాన్ చదివే డాక్టరు, తీసిన ముక్కను గాజుపలక మీద పెట్టి చూసే డాక్టరమ్మ, వీళ్లను వేళకు ఒకచోటికి తోలుకొచ్చే నర్సును నేను. రేడియేషన్ ఆయన తన మాట ముందే చీటీ రాసి పంపుతారు. కాగితం మీద నాలుగు సంతకాలు పడితే తప్ప ఎవరి ఒంటి మీదా కత్తి పెట్టరు.

పద్ధతి బంగారం లాంటిదే. చిక్కల్లా మనుషులతోనే. సర్జన్ గారికీ స్కాన్ డాక్టరు గారికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. కారణం వింటే చిన్నపిల్లలు కూడా సిగ్గుపడతారు. ఒకరోజు సర్జన్ గారు పదిమంది ముందు, "మీ రిపోర్టు జాతకంలా ఉందండీ. అలా ఉండవచ్చు, ఇలా ఉండవచ్చు. ఇంతకీ ఏముంది?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అది నా తప్పే. ఆ రోజునుంచి స్కాన్ డాక్టరు గారు రిపోర్టుల్లో ఒక్క 'ఉండవచ్చు'ను కూడా తగ్గించలేదు, పైగా పెంచారు. ఇద్దరూ ఒకే బల్లకు రెండు చివర్లా కూర్చుంటారు, మధ్య దూరం నాలుగడుగులు. మాటలు మాత్రం నా మీదుగా వెళ్తాయి.

"సిస్టర్, ఆయన్ని అడగండి, రక్తనాళం సంగతేంటని."

"సిస్టర్, మూడో పేజీలో రాశానని చెప్పండి."

నేను అటు తిరిగి అడుగుతాను, ఇటు తిరిగి చెబుతాను. డాక్టరమ్మ ఏ పక్షమూ పట్టకుండా తన పలకలు తుడుచుకుంటుంది.

అలాంటి రోజుల్లో తాళాలాయన వచ్చాడు. బస్టాండు ఎదురుగా చిన్న కొట్టు పెట్టుకుని తాళాలు బాగుచేస్తాడు, మారుతాళంచెవులు చేస్తాడు. కుడి ముంజేతి లోపలివైపు నిమ్మకాయంత కణితి. వెంట ఆయన అత్తగారు. భార్య కొట్టు చూసుకుంటుంది కాబట్టి అల్లుణ్ని ఆసుపత్రికి తిప్పే బాధ్యత ఆవిడది. పనిముట్ల సంచి ఎక్కడా వదిలిపెట్టలేని మనిషి ఆయన, ఆ సంచి మోసేది కూడా ఆవిడే. మోస్తున్నంతసేపూ తిడుతుంది.

"సిస్టరమ్మా, నేను తాళాన్ని కళ్లతో చూడను," అన్నాడాయన మొదటిరోజే, బొటనవేలూ చూపుడువేలూ చూపిస్తూ. "ఈ రెండు వేళ్లకీ అది వినబడుద్ది. పాతికేళ్ల నుంచి మా ఇంట్లో అన్నం పెడుతున్నది ఇవే. ఇవి మిగులుతాయా?"

ఆ రెండు వేళ్లకూ వెళ్లే నరం సరిగ్గా ఆ కణితి పక్కనుంచే పోతుంది. "గురువారం చెబుతారండీ" అని మాత్రం అన్నాను.

ఆ గురువారం ఆయన్నీ అత్తగారినీ మీటింగ్ గది బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను. స్కాన్ రిపోర్టు మొదటి పేజీలో "కణితి నరాన్ని చుట్టి ఉండవచ్చు, ఆనుకుని మాత్రమే ఉండవచ్చు" అని ఉంది. సర్జన్ గారు అది చదివి కాగితం పక్కన పెట్టేశారు.

"నరమూ రక్తనాళమూ రెండూ పోయే పనైతే ఆ చెయ్యి ఉంచి లాభంలేదు. మోచేతి దగ్గర తీసేద్దాం," అని పెన్ను మూత తీశారు.

స్కాన్ డాక్టరు గారు పైకప్పు వైపు చూస్తూ, "సిస్టర్, పాత ఆసుపత్రి స్కాన్ డిస్కు తెమ్మన్నాను, అది చూడకుండా సంతకాలేంటని అడగండి," అన్నారు. నేను ఎవరినీ అడగలేదు. వరండాకు అవతల ఉన్న నా బల్ల దగ్గరికి పరుగెత్తాను.

నేను అటు వెళ్లగానే సర్జన్ గారికి డాక్టరమ్మకు ఏదో వివరించాలనిపించిందట. "ఇది ముంజెయ్యి అనుకోండి" అంటూ చేతికందిన తొడ ఎముకను తీసుకున్నారట. ముప్పై ఏళ్లుగా మనుషుల్ని కోస్తున్న పెద్దమనిషికి తలుపుకింద ఉన్నది అడ్డమని గుర్తులేదు, ఎముకని మాత్రమే తెలిసింది. నేను డిస్కుతో తిరిగొచ్చేసరికి తలుపు నా ముఖం మీదే టక్కున మూసుకుంది.

లోపలి పిడితోపాటే బయటిదాని పట్టు కూడా పోయింది, తిప్పితే గాలిలో తిప్పినట్టు తిరుగుతోంది. మరమ్మతులకు ఫోన్ చేశాను.

"లిఫ్టులో ఏడుగురు ఇరుక్కున్నారు మేడమ్, వాళ్లని తీస్తున్నాం. మీవాళ్లకి కనీసం కుర్చీలన్నా ఉన్నాయిగా," అన్నాడు అవతల మనిషి.

వెనకనుంచి తాళాలాయన లేచాడు. "కొంచెం పక్కకి జరగండి సిస్టరమ్మా. అత్తయ్యా, సంచి."

నేను సందేహించాను. లోపలున్నది ఆయన ఫైలే, తలుపు పైన గాలికోసం వదిలిన సందులోంచి ప్రతి మాటా బయటికొస్తుంది, రోగులు వినకూడదని రూలు. కానీ రూలు చెబుతూ కూర్చుంటే తలుపు రాదు. ఆయన మోకాళ్లమీద కూర్చుని, పిడి చుట్టూ ఉన్న రేకు విప్పి, సన్నటి ఇనుప పుల్ల లోపలికి పంపించాడు. తల కొంచెం పక్కకు వంచాడు, ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు.

లోపలినుంచి సర్జన్ గారి గొంతు. "డాక్టరమ్మగారూ, ఆయన్ని అడగండి..."

"నేను అడగను," అంది డాక్టరమ్మ. "నేను పోస్టుమాన్ని కాను. నాలుగడుగుల దూరానికి మనిషి కావాలా మీకు?"

అప్పుడు సర్జన్ గారు, "సరే, సిస్టర్ లేదు కాబట్టి ఈ తొడ ఎముకకే చెబుతున్నా. కణితికీ నరానికీ మధ్య ఖాళీ ఉందో లేదో తెలియకుండా నేను చెయ్యి ఎలా ఉంచను?" అన్నారు.

"ఆ ఎముకకి చదువొచ్చుంటే బాగుండేది," అన్నారు స్కాన్ డాక్టరు గారు. "నాలుగో పేజీ చదివేది."

"నాలుగో పేజీలో ఏముంది?"

"రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. మంగళవారం ఆయన్ని మళ్లీ పిలిపించి సన్నగా స్కాన్ తీయించా. కణితికీ నరానికీ నడుమ కొవ్వు పొర కనబడుతోంది. గీతలాగా, చివరిదాకా. రక్తనాళం ఇంకా అవతల ఉంది."

"అది మొదటి పేజీలో రాయాలి కదండీ."

"మొదటి పేజీ రాసింది సోమవారం."

"మరి దిద్దరా? నాలుగో పేజీ ఎవరు చదువుతారు?"

"మీరు చదవరని తెలిసే దిద్దలేదు. చదువుతారేమో చూద్దామని."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి చెయ్యి పోతుంటే వీళ్ల పంతమా అని తలుపు మీద గుద్దబోయాను. అప్పుడే తాళంలో గడియ వెనక్కి వెళ్లిన చప్పుడు వినబడింది. లోపలివాళ్లకు వాళ్ల గొడవలో వినబడలేదు. తాళాలాయన తలుపు తొయ్యలేదు. ఎడమ చేత్తో దాన్ని గట్టిగా మూసి పట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది బతిమాలడమే.

అప్పుడు వెలిగింది నాకు. ఎనిమిది నెలలుగా ఆ గొడవకు అన్నం పెట్టి పెంచింది నేనే. నేను మధ్యలో నిలబడి మోస్తుంటే వాళ్లకు మాట్లాడుకోవాల్సిన అవసరం ఏముంది? నేను చెయ్యి దించేసి బల్ల మీద కూర్చున్నాను.

"ఏంటి అల్లుడూ, ఇంతసేపు?" అన్నారు అత్తగారు. "మన బీరువా రెండు నిమిషాల్లో తీశావుగా."

"ఇది మొండిది అత్తయ్యా," అన్నాడాయన. పనైపోయిన పుల్లను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. "ఏదీ, ఆ గీత చూపించండి," అన్నారు సర్జన్ గారు, ఈసారి ఎముకతో కాదు. చాలాసేపు కంప్యూటర్ తెర మీద వేలితో తట్టిన చిన్న చిన్న చప్పుళ్లు. చివరికి, "రెండు మిల్లీమీటర్లు చాలా తక్కువ. చేతికోసం మనిషిని పోగొట్టుకోలేను," అన్నారు.

"ముందు రేడియేషన్ ఇప్పిద్దాం, కణితి అంచు గట్టిపడుతుంది. చీటీలో రేడియేషన్ ఆయనా అదే రాశాడు. ఆపరేషన్ రోజు నేనూ లోపలికొస్తా. పొర ఎక్కడ పలచబడిందో పక్కనుండి చూపిస్తా."

"మీరు థియేటర్లోకా? రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయన్నారు ఒకసారి."

"తిరగవచ్చు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో సర్జన్ గారు గొంతు తగ్గించి, "ఆ జాతకం మాట నేను అనాల్సింది కాదు. నా నోరే అంత," అన్నారు. అవతలివైపునుంచి, "పెన్ను ఇటివ్వండి," అని మాత్రం వచ్చింది.

మూడు సంతకాలు గీసిన చప్పుడు తలుపులోంచి వినబడిందని తాళాలాయన తరవాత ఒట్టేసి చెప్పాడు. నేను నమ్మాను. అప్పుడు తలుపు తోశాడు.

"చాలా కష్టమైందా?" అన్నారు సర్జన్ గారు, ఎముక చంకలో పెట్టుకుని.

"లేదు సార్. లోపల కొంచెం తుప్పు పట్టింది, అంతే," అన్నాడాయన.

నాలుగో సంతకం నేను పెట్టాను.

ఐదువారాలు రేడియేషన్ ఇచ్చారు, రోగుల మాటలో కరెంటు పెట్టారు. తరవాత కొన్నాళ్లు ఆగి ఆపరేషన్ చేశారు. ఆరు గంటలు పట్టింది. స్కాన్ డాక్టరు గారు టోపీ వెనకముందులుగా పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు, కళ్లు తిరగలేదు. కణితి మొత్తంగా వచ్చింది. నరం మిగిలింది. కానీ మిగిలినంత మాత్రాన అది వెంటనే పనిలోకి రాదు. రెండు నెలలపాటు ఆ బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉండిపోయాయి. అత్తగారు టీవీ రిమోటును డబ్బాలో పెట్టి రోజుకో కొత్త తాళం వేసేవారట. తీస్తేనే టీవీ. ఆ ఇంట్లో వారాలపాటు ఎవరూ వార్తలు చూడలేదు.

ఆర్నెల్ల పరీక్షకు మళ్లీ గురువారమే వచ్చారు. స్కాన్ రిపోర్టు ఒకే వాక్యం: "కణితి లేదు." సర్జన్ గారు దాన్ని రెండుసార్లు పైకి చదివి, కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. నేను పరుగున వెళ్లి తాళాలాయనకు చెప్పాను. ఆయన దండం పెట్టాడు గానీ ముఖం విప్పలేదు.

"బతికాను, చాలు. కొట్టులో మా ఆవిడే చేస్తోంది సిస్టరమ్మా. డబ్బా తాళాలు వస్తున్నాయి, అవి లెక్కలోవి కావు. నాకు తాళం వినబట్టంలేదు."

తలుపు తెరిచే ఉంది కాబట్టి లోపలికి వినబడింది. సర్జన్ గారు లేచి వచ్చారు. తొడ ఎముకను కాలితో పక్కకు నెట్టారు. టక్కుమని తలుపు మూసుకుంది, ముగ్గురూ లోపలే.

"తియ్యమనండి," అన్నారు లోపలినుంచి.

ఆయన మోకాళ్లమీద కూర్చున్నాడు. రేకు విప్పడానికే పది నిమిషాలు. పుల్ల రెండుసార్లు జారి కిందపడింది. రెండోసారి అందిద్దామని వంగబోతే అత్తగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

ఇరవై నిమిషాలు. ముప్పై. ఆయన మెడ మీదనుంచి చెమట కారి చొక్కా తడిసిపోయింది. సరిగ్గా అప్పుడే, రెండేళ్ల తరవాత, మరమ్మతుల మనిషి కొత్త పిడి పట్టుకుని వచ్చాడు.

"పిడి ఊడిందని రాసిన తలుపు ఇదేనా?"

"పరిశీలనలో ఉంది, కూర్చో బాబూ," అన్నారు అత్తగారు.

అతను కూర్చున్నాడు. నలభై నిమిషాలు దాటాక తాళాలాయన తల నెమ్మదిగా పక్కకు వంగింది. గడియ వెనక్కి వెళ్లింది. ఆయన తలుపు తొయ్యకుండా అలాగే మూసి పట్టుకుని ఉండిపోయాడు.

"మళ్లీ నాటకమా? లోపలివాళ్లు భోజనాలు కూడా చెయ్యలేదు," అన్నాను.

"నాటకం కాదు సిస్టరమ్మా. కాసేపు ఉండనీయండి. ఇప్పుడే వినబడింది."

ఆ రెండు వేళ్లూ ఇంకా పుల్లను పట్టుకునే ఉన్నాయి. నేను ఏడ్చాను, దాచుకోవాలనిపించలేదు. లోపలినుంచి సర్జన్ గారూ స్కాన్ డాక్టరు గారూ ఒకేసారి, "సిస్టర్, వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చిందండీ," అన్నాను.