ఉడుము చెప్పని సాక్ష్యం

పాస్టరుగారికి దేవుడంటే భయం. బల్లి అంటే అంతకంటే భయం. పరలోక రాజ్యం గురించి ఎంత గంభీరంగా మాట్లాడుతున్నా సరే, గోడమీద బల్లి కనబడిందంటే చటుక్కున కుర్చీ ఎక్కేసేవారు. చీపురు పట్టుకుని దాన్ని తోలేది ఆయన కూతురు. ఆ పిల్ల పెద్దదై, పశువుల డాక్టరు చదువు చదివి, జూలో పాములూ ఉడుములూ ఉండే విభాగంలో చేరిందంటే, అందులో తండ్రి పిరికితనానికీ కొంత వాటా ఉందని వాళ్ళమ్మ ఇప్పటికీ అంటుంది.

చర్చి సంఘంలో ఆమెకు 'పాములమ్మ' అని పేరు పడింది. మీ అమ్మాయి ఏం చేస్తుందండీ అని ఎవరైనా అడిగితే పాస్టరుగారు "ఉద్యోగం" అని ఊరుకునేవారు. ఏం ఉద్యోగమో అడిగేలోగా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేసేవారు. కూతురితో పోట్లాటేమీ లేదు. కానీ ఆమె పనిచేసే చోట ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. పైకి నవ్వేసేది గానీ, ఆ సంగతి ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు.

"మీ ఉడుము మగతోడు లేకుండానే పిల్లల్ని కన్నదటగా! నిజమేనా తల్లీ?"

నిజమే. అందరూ మహారాణి అని పిలుచుకునే ఆ ఉడుము మన పొలాల్లో తిరిగే రకం కాదు, ఎక్కడో దూరపు దీవుల జాతి, మనిషికన్నా పొడుగు. పుట్టినప్పటినుంచీ ఒంటరిగానే పెరిగింది. ఇంకో ఉడుము మొహం చూసి ఎరగదు. అది గుడ్లు పెడితే ఉత్తి గుడ్లేలే అని అందరూ తేల్చేశారు. డాక్టరమ్మకు మాత్రం పారెయ్యడానికి మనసొప్పలేదు. వాటిని వెచ్చటి పెట్టెలో పెట్టి, కొన్నాళ్ళకు ఒకదాన్ని తీసి లైటుకెదురుగా పట్టి చూసింది. లోపల సన్నటి ఎర్రటి నరాలు, వాటి మధ్య ఏదో కొట్టుకుంటోంది. పుస్తకాల్లో చదివిన సంగతే. అయినా ఆమె కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చుండిపోయింది. ఇప్పుడు ఆ గుడ్లే ఒక్కొక్కటిగా పిల్లలవుతున్నాయి.

"నిజమే నాన్నా."

"స్తోత్రం!" అన్న కేకకు ఫోను చేతిలోంచి జారినంత పనైంది.

ఆ ఆదివారం ఏం జరిగిందో తల్లి ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పింది. "మీ నాన్నని పట్టడం ఎవరి తరం కాలేదే! కన్య మరియమ్మ బిడ్డను కనడం అసాధ్యమని వెక్కిరించేవాళ్ళకి దేవుడు ఒక ఉడుముతో జవాబు చెప్పించాడట. సైన్సే రుజువు చేసేసిందట. ఆ గుడ్లు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుసా, నా కూతురి చేతిలో, అని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పారు. వచ్చే ఆదివారం సంఘాన్నంతా మీ జూకి తోలుకొస్తారట. కొత్త చొక్కా కుట్టించుకుంటున్నారు."

నా కూతురు! ఆ మాటను ఆమె రోజంతా తలుచుకుంటూనే ఉంది. బోనులు కడిగించేటప్పుడూ, మందులు కలిపేటప్పుడూ పెదవుల మీదికి నవ్వు వచ్చేసేది.

వారం మధ్యలో ఉడుము పిల్లల రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. అన్నీ మగవే. అలాగే ఉంటాయని ఆమెకు ముందే తెలుసు. ఆ జాతిలో తల్లి ఒంటరిగా కంటే మగపిల్లలే పుడతాయి. మనుషుల్లో అయితే లెక్క సరిగ్గా తిరగబడుతుంది. తండ్రి ఏరికోరి పిలుచుకున్న సాక్షి తండ్రికే ఎదురుతిరిగేలా ఉంది.

చెప్పకపోతే, జూలో సంఘం మొత్తం ముందు ఏ కాలేజీ కుర్రాడో లేచి అడిగితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు? చెబితే మాత్రం, ఇన్నేళ్ళకు దొరికిన 'నా కూతురు' చేజారిపోతుంది. మళ్ళీ 'ఉద్యోగం' దగ్గరికే వచ్చి పడుతుంది. ఎటూ పాలుపోక ఆమె శనివారం దాకా నాన్చింది.

శనివారం సాయంత్రం పాస్టరుగారు గుమ్మంలో కూర్చుని బూట్లకు పాలిష్ వేసుకుంటున్నారు.

"నాన్నా, నీ ప్రసంగం గురించి ఒక మాట."

"అందరూ బాగుందన్నారమ్మా!"

"అందులో తప్పుంది."

బ్రష్షు ఆగిపోయింది. ఆమె నేల చూపులు చూస్తూనే మొత్తం చెప్పేసింది. "గుడ్డు తయారయ్యేటప్పుడు పక్కన చిన్న కణం ఒకటి మిగిలిపోతుంది. మామూలుగా అది ఎందుకూ పనికిరాకుండా పోతుంది. మా మహారాణిలో అదే వెనక్కొచ్చి గుడ్డులో కలిసింది, తండ్రి పని అదే చేసింది. అరుదే గానీ, ఆ దారి వాటి ఒంట్లో ఉంది. మన ఒంట్లో లేదు నాన్నా. తండ్రి నుంచి వస్తే తప్ప పనిచెయ్యనివి కొన్ని ఉంటాయి, అవి లేకపోతే బిడ్డ ఎదగదు. ఎలాగో ఎదిగిందే అనుకో, మహారాణికి అన్నీ మగవి పుట్టినట్టు కాదు, మనకు ఆడపిల్లే పుట్టాలి. మగబిడ్డ కావడానికి కావలసింది తల్లి దగ్గర ఉండనే ఉండదు."

ఆయన బూటు కింద పెట్టారు. "అయితే అది జరగలేదంటావా?"

"అంత మాట నేననలేను. ఒక్కసారే జరిగిందని మీరంతా నమ్మేదాన్ని పరీక్ష చెయ్యడానికి నా దగ్గర గుడ్డు పెంకు కూడా లేదు. మా ఉడుము మాత్రం దానికి సాక్ష్యం కాదు. అంతవరకే నాకు తెలుసు."

"భోజనం చేసి వెళ్ళమ్మా," అన్నారాయన. రెండో బూటుకు పాలిష్ వెయ్యకుండానే లేచి లోపలికి వెళ్ళారు. తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, వద్దంటున్నా ఇద్దరికీ మళ్ళీ వడ్డించింది. అయిపోయింది, అంతా నేనే పాడు చేశాను అనుకుంటూ ఆమె ఇల్లు చేరింది.

మర్నాడు చాలా ఏళ్ళ తర్వాత చర్చికి వెళ్ళి, తలుపు పక్క బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ క్షణాన లేచి వెళ్ళిపోవాల్సి వస్తుందో అని.

పాస్టరుగారు వేదిక ఎక్కి గొంతు సవరించుకున్నారు.

"పోయిన వారం మీకు నేను చెప్పింది తప్పు. నిన్న మా అమ్మాయి వచ్చి నన్ను దిద్దింది."

ఆయన ఆ మిగిలిపోయిన కణం సంగతీ, మగపిల్లల సంగతీ అంతా పొల్లుపోకుండా చెప్పారు. ముసలివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. తర్వాత అన్నారు:

"రుజువు దొరికిందన్న సంబరంలో నేను ఆ మరియమ్మను తీసుకెళ్ళి ఉడుము తోకకి కట్టాను. నన్ను క్షమించండి. ఉడుము కూడా చెయ్యగలిగిందైతే మనం ఇన్నేళ్ళుగా మోకరించింది దేనికి? మరియమ్మకు జరిగినదాన్ని సైన్సు వివరించలేదు. కొట్టెయ్యాలన్నా దాని దగ్గర గుడ్డు పెంకు కూడా లేదు. ఈ మాట నాది కాదు, అదిగో, తలుపు దగ్గర కూర్చుందే, నా కూతురిది. నేను నమ్ముతాను. నమ్మకాన్ని నమ్మకమనే చెబుతాను, ఇకమీదట రుజువని చెప్పను. ఇంకొకటి. దేవదూత వచ్చి ఆ కబురు చెబితే మరియమ్మ వెంటనే తలూపలేదు. ఎలా జరుగుతుందని అడిగింది. దేవదూత కోప్పడలేదు. అలా అడగడం కూడా భక్తేనని ఇన్నేళ్ళు ప్రసంగాలు చేసిన నాకు నిన్న తెలిసింది."

ఆమెకు కళ్ళు మసకబారాయి. తాము రాసింది తప్పని తెలిశాక దాన్ని పత్రికలో ఎక్కడో ఓ మూల చిన్న అక్షరాల్లో ఒప్పుకునే సైన్సువాళ్ళను ఆమె చూసింది. తానూ ఒకటి రెండుసార్లు ఆ పని చేసింది. ఇలా నలుగురి ముందు నిలబడి, నవ్వుతూ ఒప్పుకున్న మనిషిని మాత్రం మొదటిసారి చూస్తోంది. ఆ మనిషి తన తండ్రి అయినందుకు ఆమెకు ఒళ్ళు పులకరించింది.

"జూకి మాత్రం వెళ్దాం," అన్నారు పాస్టరుగారు వేదిక దిగుతూ. "ఊరికే చూడ్డానికి."

వెచ్చటి పెట్టె గదిలోకి సంఘాన్ని విడతలు విడతలుగా పంపి, ఆయన ఆఖర్న వచ్చారు. గుమ్మం దాటేటప్పుడు కూతురి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అరచేయి చెమటతో తడిసి ఉంది. పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క గుడ్డు అప్పుడే చిట్లింది. చీలికలోంచి వేలికొసంత ముక్కు బయటికొచ్చి, గాలి పీల్చుకుని, అలసిపోయినట్టు ఆగింది.

బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి, మోచెయ్యి వదిలేసి, నుదురు అద్దానికి ఆనేంతగా ముందుకు వంగారు. చర్చిలో ప్రార్థనకు ముందు మాట్లాడినట్టే గొంతు తగ్గించి అన్నారు.

"ఎలా జరిగిందో ఇంకోసారి చెప్పమ్మా. మొదటినుంచీ చెప్పు."