పదిహేడో నంబరు అతుకు

"గీకరా, ఇంకా ఏం చూచ్చాండావు?" అంటూ ఫోర్‌మన్ జిలాని ఇనుప రాడ్డుతో పోచన్న వీపు మీద రెండో దెబ్బ వేశాడు.

మిట్టమధ్యాహ్నం. పడవ డెక్కు పెనంలా కాలుతోంది. పోచన్న చేతిలో ఇనుము కోసే గ్రైండరు ఉంది, మీట మాత్రం నొక్కడం లేదు. అతని మోకాళ్ళ ముందు మనిషి పట్టేంత ఇనుప మూత, నాలుగు వైపులా వెల్డింగు చేసి మూసేసింది. దాని కింది గదిలోనే పొద్దున, అతన్ని మామా అని పిలిచే తోటి కూలీ నర్సింగ్ నీళ్ళు మింగి చచ్చిపోయాడు. శవం ఒడ్డున ఇసుకలో ఉంది. సీబ్ పట్నం నుంచి పోలీసులు బయల్దేరారని కబురు వచ్చి పావుగంట అయింది.

ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని దేశంలో నది ఒడ్డు రిసార్టు కట్టాలన్న బుద్ధి ఏ మహానుభావుడికి పుట్టిందో గానీ, కట్టారు. పదకొండేళ్ళ కిందట పోచన్న జగిత్యాల నుంచి వచ్చినప్పుడు ఇక్కడ ఖర్జూరపు చెట్లు, నాలుగు చేపల పడవలు తప్ప ఏమీ లేవు. వానొస్తే కొండల నుంచి వాగు వచ్చేది, మిగతా రోజులన్నీ ఎండు ఇసుక. కంపెనీ ఆ వాగు మూతికి కాంక్రీటు గోడ కట్టి, సముద్రపు నీళ్ళు నిలవబెట్టి, 'రివర్' అని బోర్డు తగిలించింది. గోడ కట్టిందీ, బోర్డు ఎత్తిందీ, ఈ ఇనుప పడవను అతికించి నీళ్ళలోకి దించిందీ పోచన్న లాంటి నలభై మంది.

కాగితాల్లో అది తేలే హోటలు. పైన ఒక్క ప్లేటు చేప ఎనిమిది రియాళ్ళు, అంటే పోచన్నకు రెండు రోజుల కూలి. కింద కిటికీలు లేని గది. దాని పేరు స్టోరు. ఈ దేశంలో జూదం నేరం కాబట్టి ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలన్నీ డైనింగ్ టేబుళ్ళ పేరుతో ఆ స్టోరులోకి దిగాయి. కూలీలందరికీ తెలుసు. నోరు విప్పితే విమానం ఎక్కిస్తారని కూడా తెలుసు.

రెండేళ్ళ కిందట జూదంలో ఓడిపోయిన ఆసామి ఒకడు ఈ మూత ఎత్తి పైకొచ్చి నీళ్ళలోకి దూకి పారిపోయాడు. కూలీలు ముదీర్ అని పిలిచే మేనేజరు మర్నాడే దాన్ని మూసెయ్యమన్నాడు. కింది గది నుంచి బయటపడే రెండో దారి అదొక్కటేనని పోచన్నకు తెలుసు. తెలిసీ నోరెత్తలేదు. మూసేసి, అలవాటు కొద్దీ అతుకు పక్కన అంకెలు అచ్చుకొట్టే పంచుతో 17 అని తన నంబరు కొట్టాడు. మొదట పనిచేసిన ఓడల యార్డులో అదే కట్టుబాటు. ఎవడి అతుకు పక్కన వాడి నంబరు ఉండాలి, అది విడిపోతే పూచీ వాడిదే. ఇక్కడ ఎవరూ అడగకపోయినా కొట్టేవాడు. నంబరు లేని పని దొంగపని అని నర్సింగ్‌కు కూడా నేర్పాడు. ఆ గర్వమే ఇవాళ మెడకు చుట్టుకుంది.

పొద్దున పదింటికి కొండల్లో కురిసిన వాన వాగై వచ్చి గోడ దూకింది. అతిథులను ఒడ్డు చేర్చారు. జూదపు బిళ్ళల పెట్టెలు పైకి అందించమని ముదీర్ నర్సింగ్‌ను కిందికి పంపాడు. పెట్టెలన్నీ వచ్చాయి. మనిషి రాలేదు. పడవను ఒడ్డుకు కట్టిన గొలుసుల్లో ఒకటి తెగి పడవ ఒరిగింది, మెట్ల వైపు మునిగిపోయింది. ఇక నర్సింగ్ ఈ మూతను కింద నుంచి పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టాడు.

"మామా! తియ్యి మామా!"

పోచన్న గ్రైండరు అందుకున్నాడు. జిలాని చొక్కా పట్టి గుంజాడు. "ముందు ఆ రెండో గొలుసు బిగించు. బోటు పాయనంటే ముదీర్ మనల్ని బతకనీడు!" పోచన్న విన్నాడు. పదకొండేళ్ళుగా వింటూనే ఉన్నాడు మరి. గొలుసు బిగించి వచ్చేసరికి కింద చప్పుడు ఆగిపోయింది. వాగు తగ్గి నీళ్ళు తోడాక మెట్ల మీదుగా శవాన్ని లాగారు. పిడికిళ్ళ మీద తోలు లేదు. నాలుగు గోళ్ళు ఊడిపోయాయి. నర్సింగ్‌కు వీసా ఇప్పించి ఈ దేశానికి తెచ్చింది పోచన్నే.

పడవ మీద పాచిపని చేసే కడప మల్లీశ్వరి, బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ లాగి శవానికి కప్పింది. ముదీర్ చూసి, పోలీసుల కంట అది పడకూడదని అరిచాడు. జిలాని గుడ్డ గుంజాడు. ఆమె వదల్లేదు. జిలాని కాలితో తన్నాడు. పెదవి చిట్లి రక్తం కారుతున్నా లేచి, తన చున్నీ తీసి నర్సింగ్ మొహం మీద కప్పింది.

"సచ్చినోనికి గుడ్డ గూడా ఓర్వలేరు, థూ!" అని జిలాని కాళ్ళ దగ్గర ఉమ్మింది.

ఇప్పుడు డెక్కు మీద జిలాని గొంతు తగ్గించాడు. "పోచన్నా, ఆ అతుకు గీకి మూత తెరిచిపెట్టు. నంబరు కనపడగూడదు. వాడు తాగి లోపల పండుకున్న్యాడని చెప్తే చాలు. రేపు నీ పాస్‌పోర్టు, టికెట్టు నీ చేతిలో ఉంటాయి. ల్యాకుంటే మూసింది నువ్వే, జైలుకు పొయ్యేదీ నువ్వే."

"ఆడు చుక్క ముట్టినోడు కాదు, భాయ్. నీకు ఎరికె."

"నా పాస్‌పోర్టు గూడా ముదీర్ కాడే ఉండాది రా!" జిలాని రోడ్డు వైపు ఒకసారి చూసి రాడ్డు ఎత్తాడు.

పోచన్నకు ఇల్లు గుర్తొచ్చింది. భయం వేసింది. వేలు గ్రైండరు మీట మీదికి పోయింది. మూత మీద చెయ్యి ఆనించాడు. ఎండకు కాలుతున్న ఇనుము అరచేతిని చురుక్కుమనిపించింది. దీనికి అవతలి వైపే నర్సింగ్ బాదింది. గ్రైండరు ఎత్తి నీళ్ళలోకి విసిరేశాడు.

"మూసింది నేనే. గదే జెప్త. మూయమన్నదెవలో, ఎందుకు మూయమన్నరో, ఆడు మొత్తుకుంటుంటె మనమిద్దరం ఏం జేసినమో, గది గూడ జెప్త."

రాడ్డు భుజం మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు ఒడ్డున ఉన్న మల్లీశ్వరికి కూడా వినిపించింది. దూరంగా రోడ్డు మీద పోలీసు బండ్ల దుమ్ము లేస్తోంది.

పోచన్న మూత మీద బోర్లా పడ్డాడు. లేవలేదు. ఎడమ చేత్తో జేబులోంచి గుర్తులు పెట్టే సుద్దముక్క తీసి, 17 చుట్టూ సున్నా గీయడం మొదలుపెట్టాడు. మళ్ళీ దెబ్బ పడింది. గీత వంకరపోయింది. పోచన్న సుద్ద వెనక్కి తెచ్చి, వంకరపోయిన చోటి నుంచి మళ్ళీ గీశాడు.