బద్రుద్దీన్ బండి నీడ

గట్టయ్య ఎవరింటికి పోయినా ముందుగాల గడపల నిలవడి, చేతికర్రతోని పైకప్పును రెండు దెబ్బలు కొడుతడు. ఖంగుమంటే లోపలికి పోతడు. మొద్దుగ మోగితే బయటనే కూసుండి చాయ్ తాగి వస్తడు. బతుకంతా భూమి కింద బాయిల బొగ్గు తీసిన మనిషి. అక్కడ రూఫును కొట్టి, చప్పుడు ఇన్నంకనే దాని కింద నిలవడేది. గట్టి రాయి ఖంగుమంటది, ఊడే రాయి మొద్దుగ మోగుతది. రిటైరైనా ఆ అలవాటు పోలే. కొడుక్కు పిల్లను చూడపోయిన నాడు వియ్యంకుని ఇంటి రేకులను గూడ వదిలిపెట్టలే. పెండ్లిపిల్ల సంధ్యారాణి నవ్వు ఆపుకోలేక లోపలికి ఉరికింది.

ఆ సంధ్యారాణి ఇప్పుడు కడుపుతోని ఉన్నది. వానలు పడేనాటికి నెలలు నిండుతయి. ఇంటిల్లిపాదికీ దారి ఫికరే పట్టుకున్నది. ఊరి పాత రోడ్డు ఓపెన్‌కాస్టు బొగ్గు గని కిందికి పోయినంక, మట్టిగుట్టల చుట్టు తిరిగి బురద దాటితే గాని గోదావరిఖని రోడ్డు రాదు. పోయిన వానకాలం తొలికాన్పుకు నొప్పులొస్తే ఆటో ఆ బురదల్నే దిగవడ్డది. దవాఖానకు చేరేసరికి బిడ్డ దక్కలే. ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వరూ ఎత్తరు. కొడుకు ఉపేందర్ మాత్రం ఈ ఎండకాలంలనే పికప్ బండి కొనాలెనని కూసున్నడు. కూరగాయలేసుకొని కరీంనగర్ దాకా రోడ్డు మీద ఉరకాలె, బురదల నాలుగు చక్రాలూ తిరగాలె. కొత్తది తమతోని కాదు, పాతదే చూడాలె.

పాత బండి కొనుడంటే మాటలా? ఈ బొగ్గు గడ్డల ఏ బండి ఏం మోసిందో దాని నీడ చెప్తది. ట్రాలీ ఖాళీగున్నా నీడల ఇసుక కుప్పలో గొర్ల మందలో కనవడుతయి. అందుకే ఇక్కడ పాతబండ్ల బేరం పొద్దు వాలినంకనే. బెల్లంపల్లిల తండ్రీకొడుకులు ఒక బండి చూసిన్రు. దాని నీడ నిండ దొంగబొగ్గు సంచులే. ఎవని లొల్లి మనకెందుకని మళ్లి వచ్చిన్రు.

బ్రోకర్ భూపాల్ మాత్రం మిట్టమధ్యాహ్నం రమ్మన్నడు. తెల్లటి బండి, అద్దం లెక్క మెరుస్తున్నది. పొద్దు నడినెత్తిన ఉన్నది గనుక నీడ టైర్ల కిందనే ముడుచుకున్నది. గట్టయ్య క్యాబిన్ మీద కర్రతోని కొట్టిండు. ఖంగుమన్నది. ముసలాయన మొఖం విచ్చుకున్నది గాని, మధ్యాహ్నమే ఎందుకు రమ్మన్నడన్న పురుగు మెదడుల తొలుస్తనే ఉన్నది. మోకాళ్లు నొస్తున్నయని చెప్పి చెట్టుకింద చతికిలవడ్డడు. చాయ్ అడిగిండు. తాగి, ఇంకో చాయ్ అడిగిండు. భూపాల్ జల్ది తేల్చుమంటడు, ఇంకో గిరాకీ వస్తున్నడంటడు, మాటిమాటికి పొద్దు దిక్కు చూస్తడు.

నీడ మెల్లగ బయటికి వచ్చింది. బండి నిటారుగ ఉన్నది, నీడ మాత్రం ఎడమకు బోర్ల వడ్డది. దాంట్ల ఒకరినొకరు పట్టుకున్న మనుషులు. మనుషులతోనే బోల్తా కొట్టిన బండి. భూపాల్ ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అవతలికి పోయిండు.

కర్ర అట్ల మోసం చేసిందంటే గట్టయ్యకు కర్ర మీద నమ్మకం పోవాలె కద. పోలే. మనుషుల మీద పోయింది.

తర్వాత గోదావరిఖనిల టెంట్ హౌస్ నడిపే బద్రుద్దీన్ తన బండి అమ్ముతనని కబురు పంపిండు. సంధ్యారాణిని దవాఖానల చూపిచ్చి, ముగ్గురూ సాయంత్రం అటే పోయిన్రు. గట్టయ్య దుకాణం కప్పు కొట్టి చూసిండు. మొద్దుగ మోగింది. అటక నిండ షామియానా బట్టలున్నయని బద్రుద్దీన్ చెప్పినా ఇనకుండ బయటనే నిలవడ్డడు.

బండి సొట్టలు పోయిన మట్టిరంగుది. బద్రుద్దీన్ దాన్ని తానే ఎండకు అడ్డంగ పెట్టి, చూసుకోమన్నడు. ఇంత దాపరికం లేనోడు ఎక్కడన్న ఉంటడా అని గట్టయ్యకు అదొక అనుమానం. ఎందుకు అమ్ముతున్నవంటే మోకాళ్లు క్లచ్ తొక్కనిస్తలేవన్నడు. క్యాబిన్ గూడ మొద్దుగనే మోగింది. ఎండ తాకకుండ లోపల గోనెపట్టాలు అతికిచ్చిన్నని బద్రుద్దీన్ అన్నడు. బోల్తా పడ్డ బండికి లప్పం పెట్టిండని గట్టయ్య అనుకున్నడు.

అప్పుడు నీడను చూసిన్రు. కుర్చీలు లేవు, వంటగిన్నెలు లేవు. ఒక మంచం, దాని మీద పండుకున్న మనిషి, పక్కన షామియానా గుంజ లెక్క సన్నగ నిలవడ్డదేదో ఒకటి.

గట్టయ్య వెనుకకు జరిగిండు. "పీనుగను మోసిన బండిని నా ఇంటికి అంటగడుతున్నవా?"

"అల్లా కసమ్ గట్టన్న, నా బండి మీద పీనుగ ఎక్కలే," అన్నడు బద్రుద్దీన్. "మొన్నటి దాక నీడల కుర్చీలే ఉండె. ఈ మంచం ఎక్కడిదో నాకూ ఎరుక లేదు."

అది ఎవరు నమ్ముతరు? గట్టయ్య నోటికొచ్చినట్టు అన్నడు. పీనుగల బేరగానివన్నడు. బద్రుద్దీన్ తల దించుకొని, నిలవడ్డ సంధ్యారాణికి కుర్చీ తెచ్చి ఏసిండు.

సంధ్యారాణి కుర్చీల కూసోకుండ వచ్చి, నడుము పట్టుకొని నీడ పక్కన కూసున్నది. శానసేపు చూసింది.

"మామా, పీనుగ ఊపిరి తీస్తదా?"

నిజమే. నీడల మనిషి ఎదురొమ్ము లేస్తున్నది, దిగుతున్నది. ఉపేందర్ ఇంకోటి గూడ చూసిండు. ఆ మనిషి చెయ్యి మంచం పట్టె మీదికెల్లి కిందికి ఏలాడుతున్నది. ఇంట్ల రోజూ అట్ల పండుకునేది సంధ్యారాణే. బాపుకు చెప్పలే. అక్కడికక్కడే బయానా ఇచ్చి తాళం తీసుకున్నడు.

గట్టయ్య ఆ బండి ఎక్కనన్నడు. పొద్దున లేస్తే దాన్ని కర్రతోని కొట్టుడు, మొద్దుగ మోగుడు, బద్రుద్దీన్‌ను తిట్టుడు. ఆ బండి ఏ పీనుగను మోసిందో ఎరుకేనా అని జైపూర్ దాకా పోయి అడిగి వచ్చిండు. అవునన్నోడు ఒక్కడూ లేడు. అందరూ కలిసి దాస్తున్నరనుకున్నడు.

ముసురు పట్టింది. ఒక తెల్లారుజామున సంధ్యారాణికి నొప్పులొచ్చినయి. కూసునే తీరు లేదు, మంచంతోనే ఎత్తి ట్రాలీల పెట్టిన్రు. పట్టుకునేటందుకు ఒక మనిషి కావాలె. గట్టయ్య కర్రతోని క్యాబిన్ కొట్టిండు. మొద్దుగనే మోగింది. కోడలు అమ్మా అని మూలిగింది. ముసలాయన కర్ర పట్టుకొనే బండెక్కిండు.

ఆటో దిగవడ్డ తావుకు వచ్చేసరికి బండి ఒరిగింది. చక్రాలు బురద చిమ్మినయి. గట్టయ్య కండ్లు మూసుకొని, కర్ర ఊతంగ నిలవడి, ఇంకో చేత్తోని మంచం పట్టుకున్నడు. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టు దొరికిచ్చుకొని బండి గట్టెక్కింది.

రోడ్డు మీదికి వచ్చినంక మబ్బు ఇడిసి ఎండ కొట్టింది. గట్టయ్య పక్కకు చూసిండు. తడిరోడ్డు మీద నీడ బండితో పాటే ఉరుకుతున్నది. ఆనాడు టెంట్ హౌస్ కాడ చూసిన నీడనే. మంచం, దాని మీద మనిషి, ఏలాడుతున్న చెయ్యి. పక్కన సన్నటి గుంజ. గట్టయ్య తల వంచిండు. గుంజ గూడ తల వంచింది.

ముసలాయనకు ఏడుపు ఆగలే.

దవాఖానల ఆడపిల్ల పుట్టింది. గట్టిగ ఏడ్చింది. తల్లీ మంచిగనే ఉన్నది. మనుమరాలిని ఒక్కసారి ఎత్తుకొని, గట్టయ్య బురదకాళ్లతోని నడుచుకుంట టెంట్ హౌస్‌కు పోయిండు. బద్రుద్దీన్ ఆయనను చూసి, మళ్ల తిట్టవచ్చిండనుకొని బయట కుర్చీ ఎయ్యబోయిండు.

గట్టయ్య గడపల నిలవడలే. కర్ర పైకెత్తలే. నేరుగ లోపలికి పోయి, ఆ కప్పు కింద కూసున్నడు.

"బద్రన్నా, ఒక చాయ్ పొయ్యిరాదు," అన్నడు.