ఎలిశబెతు ఎడమ చెయ్యి

మైపాడు రోడ్డు మీది రొయ్యల షెడ్డులో పొద్దున ఏడింటికి పని మొదలవుతుంది. రేకుల కప్పు కింద పొడుగాటి బల్లల ముందు నలభై మంది ఆడవాళ్లు నిలబడి, ఐసునీళ్లలోంచి రొయ్యలు తీసి, తలలు గిల్లి పొట్టు ఒలుస్తారు. మధ్యలో ఎవరికైనా ఇంటికి మాట్లాడాల్సి వస్తే ఎలిశబెతు వైపు తిరుగుతారు.

"అక్కా, కొంచెం టవరుకు తిప్పు."

ఎలిశబెతు ఎడమ చెయ్యి పైకెత్తి, కాలువ అవతలి టవరు వైపు అరచెయ్యి చాపుతుంది. షెడ్డులోని ఫోన్లన్నీ వైఫై వదిలేసి టవరును పట్టుకుంటాయి. ఆఫీసు గది వైపు చాపితే టవరును వదిలి మళ్లీ వైఫైకి వస్తాయి. ఆ టవరు కట్టిన ఏడాది నుంచీ ఆమె చెయ్యి అంతే. పాలకేంద్రం దగ్గర, ఆదివారం చర్చి బయట కూడా జనం అడుగుతారు, ఆమె తిప్పుతుంది.

ఎలిశబెతుకు యాభై దాటినాయి. ఐసునీళ్లకు వేళ్ల సందులు పగిలిపోయి, పులుసన్నం కలిపితే భగ్గున మండేవి. అందుకే సూపర్‌వైజర్ జీవానందం గదిలోకి పిలిచి ఆ మాట అన్నప్పుడు ఆమె పెద్దగా ఆలోచించలేదు.

"పనివేళ ఫోన్లు మరీ ఎక్కువైపోయినాయమ్మా. మన వైఫైలో కంపెనీ గ్రూపు మెసేజీలు తప్ప ఏమీ రాకుండా పెట్టించినా. కాల్స్ కూడా రావు. నువ్వు అందరి ఫోన్లూ వైఫై మీదనే ఉంచు. నిన్ను కాటా దగ్గర కుర్చీలో కూర్చోబెడతా. ఎవరికీ చెప్పబాక."

సోమవారం నుంచి ఎలిశబెతు కాటా దగ్గర కూర్చుని తట్టలు తూకం వేసింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి ఆఫీసు గది వైపు తిప్పి ఉంచేది. ఎవరైనా టవరుకు తిప్పమంటే, "ఏమో మే, చెయ్యి ఒకటే లాగతా ఉంది" అనేది. నమ్మినారు. పక్క బల్ల పుష్పకుమారి అయితే ఇంటి నుంచి నూనె తెచ్చి, ఆ చేతికి మర్దన కూడా చేసింది.

ధనలక్ష్మి పదేళ్లుగా ఎలిశబెతుతో ఒకే బల్ల దగ్గర ఒలిచిన మనిషి. భర్త సముద్రం మీద చేపల వేటకు పోతాడు. కూతురు విజయకుమారికి నెల్లూరు నర్సింగు కాలేజీలో సీటు వెయిటింగులో ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తల్లి నడుముకే ఉంటుంది కాబట్టి దరఖాస్తులో ఆ నంబరే రాసినారు.

గురువారం రెండింటికి పని అయిపోయి, గేటు దాటి రోడ్డెక్కగానే ధనలక్ష్మి ఫోను టింగుటింగుమన్నది. కాలేజీ నుంచి మూడు మిస్డ్ కాల్స్. పదిన్నరకు, పదకొండుకు, పన్నెండుకు. ఆమె వెంటనే తిరిగి చేసింది. అవతలివాళ్లు చెప్పిందంతా విని, "సరేమ్మా" అని పెట్టేసింది.

"ఏమన్నారు?" అని అడిగింది పుష్పకుమారి.

"పన్నెండున్నర దాకా చూసినారంట. తర్వాతి పేరుకు ఇచ్చేసినారు."

ఎలిశబెతు అక్కడే ఉంది. ధనలక్ష్మి ఆమె వైపు తిరిగి, "నీ చెయ్యి బాగుండుంటే నిన్ను అడిగుండేదాన్నక్కా. పాపం నీకూ బాగలేదాయె. మా రాత," అన్నది.

ఎలిశబెతు ఇంటికి పోయి పులుసన్నం కలుపుకుంది. వేళ్లు మండలేదు. నాలుగు రోజుల కుర్చీకే అవి మానిపోతా ఉన్నాయి. ఆ వేళ్లను చూసుకుని కంచం పక్కకు నెట్టేసింది.

మరుసటి రోజు ఆమె కాటా దగ్గరికి పోలేదు. బల్లల మధ్యన నిలబడి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"నా చేతికేమీ కాలేదు. కుర్చీ కోసం మీ ఫోన్లన్నీ నేనే వైఫైకి కట్టేసినా. ధనలక్ష్మీ, నీ బిడ్డ సీటు పోగొట్టింది నేనే."

పుష్పకుమారి తన రెండు చేతులూ కొంగుకు గట్టిగా తుడుచుకుంది. ధనలక్ష్మి తల తిప్పకుండా రొయ్యలు ఒలుస్తూనే ఉంది. జీవానందం గదిలోంచి వచ్చి "ఏందమ్మా ఈ గోల?" అన్నాడు. నలభై మందీ ఒకేసారి తన వైపు చూసేసరికి మళ్లీ లోపలికి పోయినాడు.

సోమవారం నుంచి విజయకుమారి కూడా పనికొచ్చి తల్లి పక్కన నిలబడింది. కొత్త చేతులకు ఐసునీళ్లు ఎట్టుంటాయో ఎలిశబెతుకు తెలుసు. ఆ పిల్ల మొహం చూడలేక ఆమె చివరి బల్లకు పోయింది. అక్కడ కుడిచేత్తో ఒలుస్తూ, ఎడమ చెయ్యి టవరు వైపు ఎత్తి ఉంచింది. రోజూ అంతే, పొద్దున ఏడు నుంచి పని అయ్యేదాకా. ఒంటిచేతిలో రొయ్య నిలవక జారిపోయేది. అందరూ ఆరు తట్టలు నింపితే ఆమె రెండు నింపేది. ఫోన్లు మోగేవి, వాళ్లు వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

పద్దెనిమిదో రోజు పదకొండింటికి ధనలక్ష్మి నడుము దగ్గర ఫోను మోగింది. తడిచేత్తోనే ఎత్తింది.

"ఆఁ, విజయకుమారి వాళ్లమ్మనే మేడం... సీటు ఇచ్చిన ఆ అమ్మాయి చేరలేదా? ఈ రోజేనా? మూడింటిలోపలా? వస్తాం మేడం, ఇప్పుడే బయల్దేరతాం."

బల్లలన్నీ ఆగిపోయినాయి. "సర్టిఫికెట్లు యాడున్నాయి మే?" అని పుష్పకుమారి అరిచింది. "ఇంట్లో, బీరువాలో" అంటూ విజయకుమారి అప్పటికే పరుగు తీసింది.

ఎలిశబెతు తల దించుకుని ఒలుస్తూనే ఉంది. గేటు దాకా పోయిన ధనలక్ష్మి, కూతురితో "నువ్వు ఆటో ఆపు" అని చెప్పి వెనక్కి వచ్చింది. చివరి బల్ల దగ్గర ఆగింది.

"చెయ్యి దించక్కా."

ఎలిశబెతు దించబోయింది. భుజం బిగుసుకుపోయి చెయ్యి దిగలేదు. ధనలక్ష్మి ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, మెల్లమెల్లగా కిందికి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎలిశబెతు ఆమె మొహంలోకి చూడలేక ఆమె పాదాలే చూస్తా ఉంది. బయట ఆటోవాడు హారను కొట్టినాడు. ఆ పాదాలు ఇంకొక్క క్షణం అక్కడే ఉండి, తర్వాత గేటు వైపు పరుగెత్తినాయి.