వెనక నుంచి తొయ్యకండి

నా బండి వెనక పెద్ద అక్షరాలతో ‘తొయ్యకండి’ అని రాయించాను. ఊళ్ళో అందరికీ చదువొచ్చు, అయినా తోస్తారు. పాపం అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ట్రాక్టరు బోల్తాపడి కాళ్ళు చచ్చుబడ్డాక, తాడేపల్లిగూడెంలో వెల్డింగ్ చేసే యోబు చేత ఈ మూడు చక్రాల బండి చేయించుకున్నాను. గట్ల మీద, బురదలో పోవడానికి లావు టైర్లు. పెడళ్ళు చేతులకి. వాటిని తిప్పితే బండి నడుస్తుంది, పక్కకి వంచితే మలుపు తిరుగుతుంది. వెనక నుంచి తోశారో, అవి చేతుల్లోంచి ఊడి గిరగిరా తిరుగుతాయి. ఇక ముందు చక్రం దాని ఇష్టం.

ఈ తంటా అంతా దాళ్వా, అదే రెండో పంట, నీళ్ళ కోసం. మా కాలవ కింద నీళ్ళు వంతుల మీద ఇస్తారు. వంతు వచ్చినవాళ్ళు తూము దగ్గరుండి తమ చేలోకి పెట్టుకోవాలి. నాన్న పోయాక మా చేను నాది. పక్క చేను అబ్బాయిరాజు బాబాయ్ గారిది. నువ్వెందుకమ్మా శ్రమపడటం అంటూ నా వంతు ఆయనే చూసేవారు. ఆయన చేను నిండేది, నాది నెర్రెలిచ్చేది. ఇంకో వంతు తప్పితే పొట్ట మీదున్న వరి తాలైపోతుంది.

అందుకే ఇవాళ నేనే బయల్దేరాను. తూము కనిపిస్తోందనగా బాబాయ్ గారు పరుగున ఎదురొచ్చి, వద్దంటున్నా వినకుండా వెనక్కి చేరి సీటు పట్టుకుని తోశారు. పెడలు ఎగిరి మణికట్టుకి తగిలింది. బండి గట్టు పక్కనున్న బోదె కాలవలో దిగబడింది. పక్క చేలో మందు కొడుతున్నవాళ్ళు వచ్చి చేరారు. పిల్లని ఇంటికి మోసుకెళ్ళండర్రా అన్నారాయన, ఎంతో జాలిగా.

నేనెవర్నీ ముట్టుకోనివ్వలేదు. చక్రాన్ని అటూ ఇటూ వంచుతూ, పెడళ్ళు గుండెల మీదికి లాక్కుంటూ తిప్పాను. చివరికి టైరుకి గట్టు దొరికింది. బండి పైకొచ్చింది.

తూము దగ్గర నా బోదెకి అడ్డంగా మట్టి వేసుంది, ఇంకా తడి ఆరలేదు. నా వంతు నీళ్ళు బాబాయ్ గారి చేలోకి పోతున్నాయి. నా వెనకే వచ్చిన జనం కూడా చూశారు.

“సాయం చెయ్యాలని ఉందిగా బాబాయ్ గారూ,” అన్నాను. “ఆ మట్టి తీసెయ్యండి.”

ఆయన అందరి వంకా చూసి, “పార తేలేదమ్మా,” అన్నారు.

“చేతులున్నాయి కదండీ.”

ఆయన పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగారు.