రూపాయికి రెండు రూపాయల షరతు

హనుమంతరాయుడు మొదట నా మండీలో కాటా వేసేవాడు. ఈ మాట కదిరిలో కనీసం వందమందికి చెప్పి ఉంటాను, వాళ్ళు అడగకపోయినా. తర్వాత మా ఆవిడ అంజనమ్మ చెల్లెలు ఓబమ్మను చేసుకుని నాకు తోడల్లుడయ్యాడు. మా మామ నాకు రాసిచ్చిన చేనులో రాళ్ళు తప్ప ఏమీ మొలవలేదు. వాడికి రాసిచ్చింది రోడ్డు పక్క చేను. అప్పుడే మొదలైంది నాకు కడుపుమంట.

ఎనభై ఒకటిలో వాడు ఆ చేను అమ్మి, యాభై వేలు సొంతం చూపించి, బ్యాంకులో లక్ష అప్పు తీసుకుని తనకల్లు దారిలో శనక్కాయలు ఒలిచే మిల్లు పెట్టాడు. మిల్లు పెట్టాలని అప్పటికే మూడేళ్ళుగా డిపాజిట్లు వేసుకుంటున్నది నేను. అప్పు లేకుండా పెట్టాలని నా పట్టుదల. వాడు నా కళ్ళముందే రిబ్బను కత్తిరించాడు. నేను చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే అంజనమ్మ చూస్తుంది.

ఎనభై నాలుగులో వాన ముఖం చాటేసింది. పండిన నాలుగు కాయలకూ ధర మండిపోయింది. ఒకరోజు పొద్దున్నే హనుమంతరాయుడు మండీకి వచ్చాడు.

"అన్నా, కాయలు కొనేదానికి ముప్పై వేలు కావల్ల. మిషను ఊరికే ఉండాది. నువ్వు పదివేలు సర్దితే సాలు."

"ముప్పై కావాల్నంటివి, పది అడుగుతాండావు. ఏమప్పా?"

"బ్యాంకోళ్ళు కాయితంలో ఒక షరతు రాసినారన్నా. మన సొంత దుడ్లు ఒక రూపాయి ఉంటే, అప్పులన్నీ కలిపి రెండు రూపాయలు దాటకూడదంట. దాటితే లోనంతా ఒక్కతూరే కట్టల్ల. కట్టకుంటే మిల్లు వేలమే."

లెక్క నాకు నాలుక చివర ఉంటుంది. సొంతం యాభై వేలు, కాబట్టి అప్పు లక్ష దాకా ఉండొచ్చు. బ్యాంకు బాకీ తొంభై మిగిలింది. చోటున్నది పదివేలకే. నేను ముప్పై ఇస్తే అప్పు లక్షా ఇరవై అవుతుంది.

నా అంత ప్రేమగా ఆ రోజు కదిరిలో ఎవరూ మాట్లాడి ఉండరు.

"పదివేలతో ఏమొస్తాదప్పా, ముప్పై తీసుకో. ఇంట్లో మనిషి ఇచ్చినది యాడన్నా అప్పు కింద లెక్కకొస్తాదా? ఆర్నెల్లకు తిరిగిద్దువులే."

వాడు నమ్మాడు. నేను ఏం చెప్పినా నమ్మేవాడు, అదొకటి నాకు మంట. చేతికి ఇస్తే బ్యాంకుకు తెలియదని చెక్కు రాశాను. ప్రోనోటు మీద సంతకం తీసుకున్నాను. లెక్కల్లో రాసుకోమని రెండుసార్లు చెప్పాను. ఆరేళ్ళు నోరు కట్టుకుని మిల్లు కోసం దాచిన డబ్బులోది అది. పోతే పోనీ, ఆర్నెల్లే కదా. షరతు తప్పిందని మిల్లు వేలానికి వస్తుంది, మిగతా డిపాజిట్లతో నేను చవగ్గా పాడుకుంటాను, వాడు మళ్ళీ నా కాటా దగ్గరికే వస్తాడు. తలచుకుంటుంటే అన్నం కూడా రుచిగా ఉండేది.

ఏప్రిల్లో వాడి లెక్కలు బ్యాంకుకు వెళ్ళాయి. మే నెలలో మేనేజరు మా ఇద్దరినీ రమ్మన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

మేనేజరు కోస్తా మనిషి. కాగితాలు తిప్పి, "హనుమంతరాయుడు గారూ, మీ అప్పులు సొంత పెట్టుబడికి రెండింతలు దాటిపోయాయండి. రూలు ప్రకారం లోను మొత్తం వెనక్కి అడగాలి" అన్నాడు. నా ప్రాణం చల్లబడింది. వాడి ముఖం నల్లబడటం కళ్ళారా చూశాను.

"ఒక్క దారుంది" అన్నాడు మేనేజరు నావైపు తిరిగి. "ముప్పై వేలు ఇచ్చింది బంధువులే కాబట్టి, మా అప్పు తీరేదాకా ఆ డబ్బు అడగనని మీరు రాసిస్తే, దాన్ని ఆయన సొంత పెట్టుబడితో కలిపి లెక్కేస్తాం. సొంతం ఎనభై, అప్పు తొంభై. షరతు తప్పినట్టు కాదు. కాకపోతే మా అప్పు తీరడానికి ఇంకా ఐదేళ్ళుంది."

ఇంట్లో మనిషి ఇచ్చినది అప్పు కాదని నేనాడిన అబద్ధాన్ని బ్యాంకే నిజం చేస్తానంటోంది. నాకూ అవసరాలున్నాయి సార్ అనడానికి నోరు తెరిచాను. ఈలోగా హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు.

"వద్దు సార్. అన్న మిల్లు పెట్టుకోవల్లని ఆరేండ్లు దాచుకున్న దుడ్లు అవి. నాకు తెలుసు. నా మిల్లు వేలమేసుకోండి. మీ బాకీ పోంగా మిగిలింది అన్నకు ఇయ్యండి. సాలకుంటే మళ్ళీ కాటా వేసి తీరుస్తా."

నేను కోరుకున్నదంతా వాడి నోటితోనే వచ్చింది. తల ఊపితే చాలు, మిల్లు నాది.

కానీ మేనేజరు కలం కింద పెట్టి వాడివైపు చూశాడు. టీ తెచ్చిన ప్యూను కూడా ఆగి చూశాడు. అలాంటి చూపు నా మీద ఎవరూ ఎన్నడూ వేయలేదు. ఆస్తి పోగొట్టుకుంటూ కూడా వీడే పెద్దమనిషి అవుతున్నాడే. రేపు మా అత్త ముందు, అంజనమ్మ ముందు, నేను తోడల్లుడి మిల్లు వేలంలో పాడుకున్నవాణ్ణి, వాడు అన్న కోసం మిల్లు వదులుకున్నవాడు. నాకు ఒళ్ళంతా భగ్గుమంది.

"యాడ పెట్టల్ల సార్ సంతకం?" అన్నాను.

మేనేజరు నా చెయ్యి పట్టి ఊపి నన్ను మెచ్చుకుని, ఆ నోటితోనే వాడికి చెప్పాడు. "ఇప్పుడు మీ సొంతం ఎనభై అయింది కదా, లక్షా అరవై దాకా అప్పు ఉండొచ్చు. రెండో మిషనుకు దరఖాస్తు పెట్టుకోండి."

బ్యాంకు మెట్ల మీద వాడు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. మింగలేక కక్కలేక నేను భుజం తట్టాను.

ఇంటికి వెళ్ళేసరికి ఓబమ్మ వచ్చి అంతా చెప్పి వెళ్ళిపోయిందట. అంజనమ్మ కళ్ళు తుడుచుకుంటూ కంచం పెట్టింది. పొగడ్త కోసం తలెత్తాను.

"నీ దుడ్ల కోసరం మిల్లే వదులుకుంటా అన్నాడంట గదా మరిది. అట్లాంటి మనిషి యాడుంటాడు?" అంది.

డబ్బు నాది, సంతకం నాది. మంచివాడు మాత్రం వాడే.